బెరడు తీసిన కొమ్మ

పీయూసీ పాసైన వేసవిలో, బాపట్ల వెళ్ళి వ్యవసాయం చదువుతానంటే నాన్నగారు నవ్వేశారు. మొక్కల గురించి చదవడానికి అంత దూరమెందుకట, ఇంటి వెనక కావలసినన్ని మొక్కలున్నాయట. రేపల్లె నుంచి రోజూ తెనాలికి రైల్లో పంపి పీయూసీ చదివించడమే గొప్ప అన్నట్టు మాట్లాడారు. చివరికి, "వచ్చే ఏడు చూద్దాంలే" అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని ఏడాదంతా ఇంట్లో పడి ఉన్నాను. పొద్దున్నే తెనాలి బండి కూత వినపడితే ఏడుపొచ్చేది. అంతలోనే పప్పు రుబ్బమని అమ్మ పిలిచేది.

మా పెరట్లో ఒక మామిడి చెట్టు ఉండేది. ఏపుగా పెరిగిందే గానీ ఎన్నడూ పూత పూయలేదు. ఈసారి కాయకపోతే కొట్టించేస్తానని నాన్నగారు కనపడ్డవాళ్ళందరితో అనేవారు. నాకు కాలేజీలో మేడమ్ చెప్పిన పాఠం గుర్తొచ్చింది. వేళ్ళు పీల్చిన నీరు లోపలి కర్ర గుండా పైకెక్కుతుంది. ఆకులు తయారుచేసిన ఆహారం బెరడు గుండా కిందికి దిగుతుంది. కొమ్మ చుట్టూ సన్నగా బెరడు ఒక్కటే తీస్తే నీరు ఆగదు, ఆహారం మాత్రం దిగలేక కొమ్మలోనే నిలిచిపోతుంది. దాంతో పూత రావచ్చు. ఇది చేసి చూపిస్తే నా చదువు విలువ ఆయనకే తెలుస్తుందనుకున్నాను.

దసరా వెళ్ళాక చిన్న చాకుతో ఒక కొమ్మకు చుట్టూ గాజంత సన్నగా బెరడు తీశాను. చెట్టును చంపేస్తున్నావేంటని నాన్నగారు అడిగారు గానీ ఆపలేదు. ఎలాగూ కొట్టించే చెట్టే కదా.

పుష్యమాసంలో ఆ కొమ్మ ఒక్కటే విరగబూసింది. ఎండాకాలానికి కాయల బరువుతో వంగిపోతే కింద వెదురు కర్ర పెట్టాం. నాన్నగారు వీధిలో పోయేవాళ్ళను పిలిచి మరీ చూపించి, అంతా మా అమ్మాయి పనేనండి అని మురిసిపోయారు. ఇక బాపట్ల ఖాయమనుకుని నేను ట్రంకుపెట్టె దులిపి ఎండలో పెట్టాను.

దరఖాస్తు మాట ఎత్తినప్పుడు ఆయన మామిడిపండు కోస్తున్నారు.

"ఇంకా నేర్చుకునేదేముందమ్మా? ఉన్న చదువుతోనే చెట్టు కాయించావు. కొల్లూరు లంకలో బాబాయి తోట కూడా నువ్వే చూద్దువుగాని."

ప్రేమగానే అన్నారు. కోపంగా అని ఉంటే ఎదురు చెప్పేదాన్ని. పండు ముక్క చేతిలో పెడితే తీసుకుని తిన్నాను. తలుపు నేనే వేసుకుని నేనే గడియ పెట్టుకున్నట్టయింది.

మళ్ళీ దసరా వెళ్ళింది. ఈసారి ఆయనే చాకు తెచ్చి, అన్ని కొమ్మలకూ బెరడు తీసెయ్యమన్నారు. అలా చేస్తే వేళ్ళకు ఆహారం అందక చెట్టు చచ్చిపోతుందని చెప్పాను.

"కొన్ని కొమ్మలైనా వదిలెయ్యాలి నాన్నగారూ."

"అలాగేనమ్మా. చదువుకున్నదానివి, నువ్వెలాగంటే అలాగే."

చెట్టు కోసం నా మాట ఒక్కసారికే చెల్లింది. నా కోసం రెండేళ్ళు అడిగినా చెల్లలేదు.