దూదేకే వింటి తీగ

బెజవాడలో రైలెక్కిన దగ్గర్నించి ఒకటే ప్రశ్న: "ఏమిటండీ ఇది?" నా అంత ఎత్తున్న ఫిడేలు పక్కన నిలబెట్టుకుంటే అడగరూ మరి! "జాజ్ బేసు" అని గర్వంగా చెప్పాను. ఒక్కరికైనా అర్థమైతే ఒట్టు.

నాటక కంపెనీలో హార్మోనియం, పెళ్లిళ్లలో బాకా, చర్చిలో ఆర్గన్, కొలంబో ఓడ మీద జాజ్... ఇన్నేళ్లూ చేతికందిందల్లా వాయించాను. ఇప్పుడు యుద్ధం పుణ్యమా అని సికింద్రాబాదులో సోల్జర్లు నాట్యమాడే హాలు వాళ్లకి బేసు మనిషి కావాలట. దిగిన రోజు సాయంత్రమే వాయించి మెప్పిస్తే ఉద్యోగం ఖాయం. లేకపోతే మళ్లీ పెళ్లి బాకాయే.

ఖాజీపేటలో ఎవరిదో ట్రంకుపెట్టె జారి బేసు మీద పడింది. లావుపాటి పేగు తీగ టప్‌మని తెగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి!

కొత్త తీగ కోసం సికింద్రాబాదు దాటి నాంపల్లిలో దిగేసరికి పొద్దున తొమ్మిది. "దీనికి గూడ సీటు గావాల్నా బాపూ?" అని నవ్వుతూనే జట్కావాడు ఎక్కించుకున్నాడు. నయాపూల్ దగ్గర వాయిద్యాల దుకాణం సేటు తీగ చూసి తల అడ్డంగా ఊపాడు.

"గింత లావుది మా దగ్గర ఏడ దొరుకుతది? కిషన్‌బాగ్‌ల దూదేకే మొయిన్ భాయ్ దగ్గరికి పో అన్నా. ఆయన వింటికి గిసొంటిదే ఉంటది."

మొయిన్ భాయ్ వాకిట్లో పత్తి కొండ. ధన్ ధన్‌మని విల్లు మోగుతోంది. తెగిన తీగ చూపించి సంగతి చెప్పాను.

"ఉన్నది గీ ఒక్కటే భాయ్. లడాయి జేయబట్టి కొత్తది దొరుకతలేదు. శుక్రవారం మా బిడ్డ షాదీ. పరుపులు ఇయ్యాల్నే కావాలె."

ఉసూరుమనిపించింది. అయినా, "నేనూ కొడతాను, తొందరగా తెముల్తుంది" అన్నాను. ఆయన నవ్వి కొయ్య గూటం నా చేతికిచ్చాడు. కాసేపటికి లయ దొరికింది. నేను జాజ్ దరువు వేస్తుంటే పరదా వెనక ఆడవాళ్లు ఒకటే నవ్వు. మధ్యాహ్నానికి పరుపులయ్యాయి. బగారన్నం, దాల్చా పెట్టి, మొయిన్ భాయ్ తనే తీగ విప్పి ఇచ్చాడు.

"ఫికర్ జెయ్యకు, తీస్కపో. రేపు పొద్దుగాల తెచ్చియ్యి. దిండ్లింక ఉన్నయి."

సాయంత్రం ఆ తీగ ఎంత గంభీరంగా పలికిందనీ! మీటినప్పుడల్లా దూది రేగి ముందు వరసలో దొరసాని ఒకటే తుమ్ములు. బ్యాండు మాస్టరు మాత్రం వచ్చే నెల నుంచి రమ్మన్నాడు. ఆనందంతో సగం రాత్రి నిద్రే పట్టలేదు.

తెల్లారి తీగ తిరిగిచ్చాను. మొయిన్ భాయ్ వింటికి కట్టి మీటి చూశాడు. "మస్తు పలుకుతాంది! ఏం జేసినవ్ భాయ్?"

"తెల్లదొరల చేత చిందులేయించాను."

తిరుగు రైల్లో మళ్లీ అదే ప్రశ్న. ఈసారి, "దూదేకే విల్లు" అన్నాను. నా చొక్కా నిండా దూది చూసి అందరూ ఇట్టే నమ్మారు.

"మా ఇంట్ల రెండు పరుపులున్నయి. మల్ల ఎప్పుడొస్తవ్ అన్నా?" అంది ఎదురు సీట్లో ఒకావిడ.

"వచ్చే నెల నుంచి సికింద్రాబాదులోనే ఉంటానమ్మా!" అన్నాను.