మొగలో లోతు

హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసే చోటును అక్కడివాళ్లు మొగ అంటారు. వరద వచ్చి తీసిన ప్రతిసారీ అక్కడ కొత్త ఒండ్రు మేట వేస్తుంది. నిన్నటి దారి ఇవాళ ఉండదు. పొడుగాటి సన్న వెదురు గెడ దించి లోతు చూసి, పడవలు నడిచే దారికి రెండు పక్కలా గెడలు పాతే పని పోతయ్యది. ముప్పై ఏళ్లుగా ఊరంతా ఆ గెడల మధ్య నుంచే వేటకు వెళ్లి వచ్చింది. నిరుడు మాత్రం పోతయ్య సొంత అల్లుడు వాసు తిరిగి రాలేదు.

పట్టపగలు, సముద్రం వెనక్కి తీసే పాటు వేళ, నిండా చేపలతో వస్తున్న పడవ గెడల మధ్యనే నేలకు తగిలి అడ్డం తిరిగింది. వెనక నుంచి లేచిన అల దాన్ని బోర్లా వేసింది. "పాడు అల," అన్నాడు పోతయ్య. ఊరు కూడా అలే అంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి ఆయన, ఎదురుగా ఇంకోమాట ఎవరంటారు లెండి! కానీ ఆయన లోపల కుదురు లేదు. బారెడు నీళ్లున్నాయని తాను కొలిచిన చోట పడవ నేలకెలా తగిలింది?

ఈ ఏడు కూడా వరద వచ్చి తీసింది. కొత్త దారి తేలక పద్దెనిమిది పడవలు ఒడ్డునే ఉన్నాయి. పోతయ్య ఒంటరిగా మొగలోకి వెళ్లి, నిరుటి గెడల మొదళ్లు కనబడుతున్న చోట గెడ దించాడు.

"ఎంత లోతు మావయ్యా?"

చుక్కాని దగ్గర కూచుని వాసు ఎప్పుడూ అడిగే మాటే అది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. గెడ దించిన ప్రతిసారీ అదే గొంతు, అంతే నెమ్మదిగా. భయమేసింది, సిగ్గేసింది. అయినా జవాబు చెప్పకుండా ఉండలేకపోయాడు.

"బారెడు, నాయనా."

లావు వెదురుతో చూస్తే బారకు జానెడు తక్కువ వచ్చింది. ఇనప గుండుకు తాడు కట్టి వదిలితే బార మీద మూరెడు. ఒకే నీళ్లకు మూడు లోతులు! నాలుగు రోజులు అక్కడే తిప్పలు పడ్డాడు. ఆ గొంతు అడుగుతూనే ఉంది.

అయిదో రోజు పొద్దున కూతురు హారిక కాలవ దగ్గర అంట్లు తోముతోంది. గ్లాసు బురదలోకి దిగబడిపోయింది. కంచం మాత్రం బురద మీద తేలికగా కూచుంది. పోతయ్య గబగబా కాలవలోకి దిగాడు.

"నా కంచం ఇలా ఇవ్వమ్మా. గెడ కొసకి కడతాను."

ఆమె ఇంట్లోకి వెళ్లి వాసు పేరు చెక్కిన కంచం తెచ్చింది. "ఇది తీసుకో నాన్నా. ఇందులో తినేవాళ్లు లేరుగా."

మేకుతో బెజ్జాలు కొట్టి, కంచాన్ని గెడ కొసకు తీగతో బిగించాడు. హారిక కూడా పడవ ఎక్కి చుక్కాని పట్టుకుంది. నిరుటి చోట గెడ దించాడు. నడుం లోతే వచ్చింది. మిగతాదంతా జారుడు ఒండ్రే. నిరుడు కూడా ఇదే గెడ, ఇదే ఒండ్రు. తూర్పుగా జరిగి, దించి, మళ్లీ దించి, మధ్యాహ్నానికి అసలు దారి పట్టాడు. అటూ ఇటూ గెడలు పాతేశాడు. రేపు పడవలు వెళ్లొచ్చు.

తిరిగి వస్తుంటే హారిక అడిగింది. "ఆయన పోయిన చోట ఎంత వచ్చింది నాన్నా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఏడాదిగా చెబుతున్నదేగా!

"నడుం లోతు. గెడ బురదలోకి దిగితే అది కూడా నీళ్లే అనుకున్నాను. అల కాదమ్మా. నేనే చంపుకున్నాను వాణ్ణి."

హారిక నీళ్లకేసి చూస్తూ చెప్పింది.

"ఆయనకి తెలుసు నాన్నా. ముందు రోజే నాతో అన్నాడు, మావయ్య గెడ బురదలోకి దిగుతోంది, చెప్పి వస్తానని. నేనే ఆపాను. అల్లుడివి, నలుగుర్లో తప్పు పడితే నాన్న నొచ్చుకుంటాడు, వేట నుంచి వచ్చాక నెమ్మదిగా చెబుదువుగానిలే అన్నాను. సరేనన్నాడు."