నాయనమ్మ ప్రార్థనలో ఆమె అన్న పేరు

కౌలాలంపూర్‌లో మేనమామ ఇంట్లో కొన్నాళ్లుండి, ఆ పైన మలేషియాను సైకిలు మీద ఒంటరిగా చుట్టి నిన్ననే సికింద్రాబాద్ చేరాను. అక్కడ దారిలో వానకు ఆగిన చోట ఒక పాత సమాధుల తోట, అందులో తెలుగు అక్షరాలు చెక్కిన రాయి కనిపించాయి. అది రబ్బరు తోటల పనికి వెళ్లి తిరిగిరాని మా నాయనమ్మ వాళ్లన్న, ఆశీర్వాదం తాత సమాధి. ఆయన పేరుతో పాటు తండ్రి పేరూ నాయనమ్మ పుట్టిన ఊరి పేరూ దాని మీద ఉన్నాయి. అప్పటినుంచి ఆ రాయి నన్ను వదలడం లేదు.

ఈ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో నాయనమ్మ ఎప్పటిలాగే, “మా ఆశీర్వాదం అన్నను సల్లగ సూడు తండ్రీ” అంది. సత్యాన్ని దాచడం నేరమని వేదికలెక్కి వాదించే నేను, ఫొటో చూపించడానికి ఫోను తీశాను.

“నాయనమ్మా, ఆడ నేనొకటి చూసిన...”

ఆమె నా ముఖం చూసి చెయ్యి పట్టుకుంది. “చెప్పకు బిడ్డా. సచ్చిపోయినోళ్ల కోసం మనం ప్రార్థన చెయ్యం గదా. నువ్వు చెప్పినవంటే రేపటి సంది అన్న పేరు ఇడవాలె.”

మళ్లీ కళ్లు మూసుకుని అన్నను కాపాడమని వేడుకుంది. అంతా తెలిసీ నేను ఆమెన్ అన్నాను.

మీరైతే ఏం చేసేవారు? వాదించండి. ఈ ఒక్కసారి ఓడిపోవడానికి సిద్ధంగా ఉన్నాను.