గోడ మీద సున్నా

1984 వానాకాలంలో నన్ను వరంగల్ జిల్లాలో అడవి అంచున ఉన్న ఒక ఊరికి ఏఎన్ఎం నర్సుగా వేశారు. బడి మొహం చూడకుండా నాన్న దగ్గర అక్షరాలు దిద్దుకుని, ప్రైవేటుగా మెట్రిక్ కట్టినదాన్ని. ఆ ఉద్యోగం దేవుడి దయ అనుకునే చేరాను.

ఊరి మొదట్లో నక్సలైట్ల కోసం పెట్టిన పోలీసు క్యాంపు. ఊరు దాటే ప్రతి మనిషి పేరూ క్యాంపు పుస్తకంలో ఎక్కాలి. చేనికి తీసుకెళ్లే సద్ది ఒక మనిషికి మించి కనిపిస్తే, అడవిలో ఎవరికని అడిగేవారు. నా సంచిలోని దూదీ మాత్రలూ కూడా విప్పి చూసేవారు.

ఇల్లు చూసి వచ్చాక గుమ్మం పక్కన సుద్దముక్కతో తేదీ వేయాలన్నది మా పద్ధతి. తనిఖీకి వచ్చే హెల్త్ విజిటర్‌కు అదే సాక్ష్యం. గర్భిణి ఉన్న ఇంటికి అదనంగా ఒక సున్నా చుట్టేదాన్ని.

ఒక బుధవారం వెళ్లేసరికి గోడలన్నిటికీ కొత్తగా ఎర్రమట్టి పూసి ఉంది. పండుగేమీ లేదు. నన్ను చూసి బావి దగ్గర మాటలు ఆగిపోయాయి.

నా బెంగంతా లచ్చమ్మ గురించి. ఎనిమిదో నెల, కిందటి వారమే కాళ్లు వాచి, బీపీ పెరిగి ఉంది. వాళ్ల అత్త కొమురమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. కోడలు మొన్ననే తల్లిగారింటికి పోయిందని చెప్పింది. గోడ సంగతి అడిగాను.

"నువ్వు సున్నా పెట్టిన ఇండ్లల్లనే పోలీసోళ్లు సోదా చేసిండ్రు బిడ్డా. నీ సుద్దముక్క మంచిగనే పనిజేసింది."

ఆ పొద్దునే క్యాంపులో హెడ్ కానిస్టేబుల్ ఆ సున్నాలు అడవివాళ్లకు సైగలా అని నన్ను నిలదీశాడు. ఇటు వీళ్లకు నేను పోలీసుల మనిషిని.

కొమురమ్మ చెప్పింది అబద్ధం. క్యాంపు పుస్తకంలో సంతకం పెడుతూ చూశాను, నాలుగు రోజులుగా లచ్చమ్మ పేరు అందులో ఎక్కలేదు. కానీ ఆ మాట పైకి అంటే, నేను పోలీసుల మనిషినన్న అనుమానం నిజమని నేనే చెప్పినట్టు.

అరుగు మీద కూర్చుని, లోపలికి వినపడేలా కొమురమ్మతో చెప్పాను. లచ్చమ్మ వస్తే చెప్పమన్నాను: తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా ఆగొద్దు, ఫిట్స్ వస్తే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు. చెప్పి, లేవకుండా అక్కడే ఉన్నాను. మనసులో రామనామం చెప్పుకున్నాను.

చాలాసేపటికి లోపలి నుంచి గొంతు వచ్చింది.

"సిస్టరమ్మా, నాకు పొద్దుగాల్నుంచి కండ్లు మసకలు కమ్ముతానయి."

కొమురమ్మ లేచి దారి ఇచ్చింది. ఎడ్లబండి కట్టారు. క్యాంపు దగ్గర ఆపి, బండిలో గడ్డి కూడా తీసి చూశారు. హెడ్ కానిస్టేబుల్ నేను లచ్చమ్మ బీపీ రాసిన చీటీ రెండుసార్లు చదివి పేరు రాసుకుని వదిలాడు. వరంగల్ దవాఖానలో తల్లీ బిడ్డా దక్కారు. ఆ దేవుడికీ, దారి ఇచ్చిన కొమురమ్మకూ నేటికీ దండం పెట్టుకుంటాను.

తరవాత వెళ్లినప్పుడు నా చేతిలో సుద్దముక్క లేదు. ఇయ్యాల గుర్తు పెట్టవా అని కొమురమ్మే అడిగింది. మీరు ఒప్పుకుంటేనే పెడతానన్నాను.

"అయితే పెట్టకు," అంది.

పెట్టలేదు. తనిఖీలో గోడ మీద తేదీలు లేవని నాకు మెమో ఇచ్చారు. మిగతా సర్వీసంతా, ఏ ఊళ్లోనైనా, ఇంటివాళ్లను అడగకుండా గోడ మీద చెయ్యి వేయలేదు. శిక్షణలో ఆ పాఠం లేదు.