మొదటి వాక్యంలోనే అయిపోయిన ప్రసంగం

తాండూరులోని ఒక డిగ్రీ కాలేజీ వాళ్లు, ప్రసంగం ఎలా తయారు చేసుకోవాలో పిల్లలకు చెప్పమని నన్ను పిలిచారు. ఒప్పుకోకుండా ఉండాల్సింది. ముప్పై ఏళ్లు పత్రికలో పనిచేశాను. లెక్కలేనన్ని ప్రసంగాలు ముందు వరుసలో కూర్చుని రాసుకున్నాను. మైకు ముందు మాత్రం ఒక్కసారీ నిలబడలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పది రోజుల్లో వికారాబాద్‌లో సభ. ఒక్కో కాలేజీ నుంచి ఒకరు జిల్లా అధికారుల ముందు తమ ఊరి సమస్య గురించి ఐదు నిమిషాలు మాట్లాడాలి. ఈ కాలేజీ తరఫున రెండో సంవత్సరం అమ్మాయిని ఎంపిక చేశారు. వాళ్ల ఊరికి పొద్దుటి బస్సు ఆగిపోయింది. ఆమెతో కలిపి ఐదుగురు ఆడపిల్లలు నాపరాళ్ల లారీలు తిరిగే రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు నడిచి వస్తున్నారు. దసరా సెలవుల తర్వాత కూడా బస్సు రాకపోతే చదువు మాన్పిస్తామని ఇళ్లలో తేల్చి చెప్పారు.

నాకు తెలిసిన పద్ధతే నేర్పాను. వార్తలో అసలు సంగతంతా మొదటి పేరాలోనే పెడతాం. దాన్ని ఇంట్రో అంటాం. చోటు చాలకపోతే పేజీలు దిద్దే డెస్క్ వాళ్లు కింది నుంచి కోసేస్తారు కాబట్టి ముఖ్యమైనదేదీ కింద ఉంచం. ఆమె ప్రసంగమూ అలాగే రాయించాను. ఊరు, బస్సు, ఐదుగురు, చదువు, అన్నీ మొదటి వాక్యంలోనే వచ్చేశాయి. మురిసిపోయాను.

వికారాబాద్ వెళ్లే రైల్లో ఆమె కాగితాన్ని పదే పదే చదువుకుంటోంది.

"ఏందే, గజగజ వణుకుతున్నవ్? మైకు కరుస్తదా?" అంది తోడొచ్చిన స్నేహితురాలు.

"నువ్వే మాట్లాడరాదు మరి!"

"ముందుగాల సార్‌ను చూడు. నీకన్న ఎక్కువ చెమటలు పడుతున్నయ్."

నేను కిటికీ వైపు తిరిగాను.

సభలో ఆమె మొదటి వాక్యం చదివింది. పెద్ద అధికారి తలెత్తి, "అర్థమైందమ్మా," అని, పక్కనున్న బస్సు డిపో అధికారితో "రాసుకోండి" అన్నాడు. "తర్వాత ఎవరు?"

ఆ "రాసుకోండి" ఎన్ని సభల్లో విన్నానో. మర్నాడు "సానుకూలంగా స్పందించారు" అని రాసి ఊరుకునేవాళ్లం. పని మాత్రం జరిగేది కాదు. ఆమె చివరి వరుసలో ఉన్న నా వైపు చూసింది. లేచి ఏదైనా అందామనుకున్నాను. లేవలేదు.

ఆమె కాగితం మడిచేసింది.

"ఇంక అయిపోలే సార్. మొన్న వానల లారీ అతను మా పక్కకొచ్చి ఆపిండు. ఎక్కుండ్రి అన్నడు. వద్దంటే దిగిండు. మేం కంది చేన్లకు ఉరికినం. ఇంట్ల ఇంకా చెప్పలే. చెప్తే ఆ దినమే చదువు బంద్."

ఈ సంగతి నాకూ తెలియదు. నేను అడగలేదు.

అధికారి కళ్లద్దాలు తీశాడు. "బస్సు వేయిస్తం బిడ్డా."

"ఏ దినం నుంచి సార్?"

ఆయన డిపో అధికారి వైపు చూశాడు. "సోమవారం," అన్నాడు అతను.

"సోమవారం అంటున్నరు. అందరు విన్నరు గదా," అందామె మైకులోనే.

అప్పుడు చూశాను, ముందు వరుసలో విలేకరులు గబగబా రాసుకుంటున్నారు. వాళ్లు లారీ సంగతే మొదట పెడతారు. పొద్దున్నే ఆమె తండ్రి చదువుతాడు. బస్సు వచ్చినా ఎక్కడానికి ఆమె ఉండదు.

గుమ్మం దగ్గర వాళ్లను ఆపి చేతులు జోడించాను.

"అన్నా, అసలు వార్తే గది," అన్నాడొకడు.

"తెలుసు తమ్ముడూ. అయినా రాయకుండ్రి."

అతను బండెక్కి పోయాడు.

మర్నాడు పేపర్లు కొని, విప్పడానికి ధైర్యం చాలక చాలాసేపు చేతుల్లోనే పట్టుకున్నాను. విప్పితే అన్నింట్లోనూ బస్సు గురించి నాలుగు లైన్లు, లారీ మాటే లేదు. అంతే. సోమవారం పొద్దున ఫోన్ మోగింది. ఇంజను చప్పుడులో ఆమె అరుస్తోంది: "ఐదుగురం ఎక్కినం సార్!"