పట్టేసింది

వెర్నా ప్రూయిట్ కుడిచేయి భుజం దాటి పైకి లేవదు. తల ఎడమచేత్తోనే దువ్వుకుంటుంది. ఎవరైనా అడిగితే "కాస్త పట్టేసిందిలే" అనేది. కాలేజీలో తాను బంతి వేసిన రోజుల నుంచీ అదే జవాబు.

ఓక్లహోమా పడమటి గోధుమ పొలాల మధ్య ఉన్న మా చిన్న కాలేజీలో, బేస్‌బాల్‌ను పోలిన అమ్మాయిల ఆట అయిన సాఫ్ట్‌బాల్ జట్టుకు బంతి వేసే అమ్మాయిలను తయారు చేయడం ఆమె ఉద్యోగం. ప్రధాన కోచ్‌లు మారుతూ వచ్చారు. కొందరు పెద్ద యూనివర్సిటీలకు వెళ్లారు, ఒకరిని కాలేజీయే సాగనంపింది. వెర్నా మాత్రం బోర్లించిన బకెట్ మీద కూర్చునే ఉంది. బంతి నేర్పేవాళ్ల పీట అదే. కూతుళ్లున్న తండ్రులు సాయంత్రాలు పెరట్లో బకెట్ బోర్లించి కూర్చుని పిల్లల బంతులు పట్టుకుంటారు. వెర్నా తండ్రి కూడా ధాన్యపు కొట్టం ముందు అలాగే కూర్చునేవాడు.

ఆయన చెప్పిన మాట ఒకటి ఆమెను బతుకంతా నడిపింది. "మగపిల్లలు చెయ్యి పైకెత్తి విసురుతారు, అందుకే వాళ్ల చేతులు పాడైపోతాయి. నువ్వు కిందనుంచి గుండ్రంగా తిప్పి వేస్తావు. గాలిమర తిరిగినట్టే. గాలిమరకి నొప్పేంటే?"

ఇది ఆయన ఒక్కడి నమ్మకం కాదు, ఊరందరిదీ. బేస్‌బాల్ కుర్రాడు ఒకరోజు బంతులు వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి ఇస్తారు. అమ్మాయి అయితే శుక్రవారం వేస్తుంది, శనివారం వేస్తుంది, ఆదివారం రెండు ఆటలుంటే రెండూ తనే వేస్తుంది.

వెర్నా దగ్గర ఒక నియమం ఉండేది. మైదానం పక్కన, కంచె వెనక అమ్మాయిలు చేయి వేడెక్కించుకునే చోట 'నొప్పి' అన్న మాట వినపడకూడదు. ఆ మాట అన్న పిల్ల మైదానం చుట్టూ పరుగెత్తాలి. 'పట్టేసింది' అనవచ్చు. పట్టేస్తే మర్దనా చేస్తారు, ఐసు పెడతారు, మళ్లీ బంతి చేతికిస్తారు. కొత్త పిల్లలకు ఈ సంగతి పాత పిల్లలే చెప్పేవారు. "ఇక్కడ చెయ్యి ఊడి కిందపడ్డా సరే, 'కోచ్, కాస్త పట్టేసింది' అనాలి. తెలిసిందా?"

భయంతో కాదు, నవ్వుతూనే చెప్పుకునేవారు. వెర్నా అంటే వాళ్లకు ఇష్టం.

మార్లీ స్టిగ్లర్ కబేళా ఉన్న ఊరి నుంచి వచ్చింది. తల్లి రోండా అందులో మాంసం కోసే వరసలో పనిచేసేది. మార్లీ పొడుగు చేతుల పిల్ల. బంతిలో వేగం ఉంది, అదుపు లేదు. వెర్నా బకెట్ మీంచి అరిచేది.

"ఏమే, మహారాణిలా వేలు చాచి టీ తాగుతున్నావా? ఆ చిటికెన వేలు మడువు!"

"మడిచాను కోచ్!"

"మడిస్తే బంతి కంచె మీద ఎందుకుంది? పిట్టలకి వేస్తున్నావా?"

మూడో ఏడాదికి మార్లీ బంతి బ్యాట్ దగ్గరికొచ్చి పైకి లేచేది. ఆ వసంతంలో మా కాలేజీ మొదటిసారి ఫైనల్‌కు చేరింది. ఆదివారం ఉదయం ఆట గెలిచాం. మధ్యాహ్నం ఆటతో కప్పు తేలిపోతుంది. మధ్యలో దొరికిన కాస్త వ్యవధిలో మార్లీ కంచె వెనక్కి వచ్చింది.

"కోచ్, కాస్త పట్టేసింది."

"ఎక్కడే?"

"మోచేతి కింద."

భుజం పట్టేయడం రోజూ వినేదే. మోచేతి కింద అన్న పిల్లలు తక్కువ. వెర్నా ఆ చేతిని పట్టుకుని చూసింది. వాపు లేదు.

"పట్టేయడమేనా?"

"పట్టేయడమే కోచ్. ఈ ఎండలో నన్ను పరుగెత్తించాలనా ఏంటి?"

పక్కనే మార్లీ బంతులు పట్టే క్యాచర్ పిల్ల పకపకా నవ్వింది. కంచె అవతల నుంచి ప్రధాన కోచ్ గారెట్ హాస్ కేకేశాడు. "వెర్నా, ఆ పిల్ల వేస్తుందా వెయ్యదా? అంపైర్‌కి పేరు చెప్పాలి."

వెయ్యదు అనగలిగిన మనిషి అక్కడ వెర్నా ఒక్కతే. ఆమె మార్లీ ముఖంలోకి మరోసారి చూసింది. మార్లీ ఇంకా నవ్వుతూనే ఉంది.

"వేస్తుంది," అంది వెర్నా.

ఏడింటిలో ఐదో ఇన్నింగ్స్‌లో మేం ఒక పరుగు ముందున్నాం. మార్లీ చేయి తిప్పింది. బంతి ఎటో పోయింది. ఎండుకొమ్మ విరిగిన చప్పుడు ప్రేక్షకుల మెట్ల మీద చివరి వరసలో కూర్చున్నవాళ్లకు కూడా వినపడింది. మార్లీ అరవలేదు. చేతిని పొట్టకు అదుముకుని మోకాళ్ల మీద కూలబడింది.

ఆసుపత్రిలో నర్సు అడిగింది. "నొప్పి ఎంతుందమ్మా? పదిలో ఎంత?"

మార్లీ గుమ్మంలో నిలబడ్డ వెర్నా వైపు చూసింది. "నొప్పేం లేదు. పట్టేసిందంతే."

ముంజేతి ఎముక రెండు ముక్కలైంది. బీట చాలా వారాల కిందటే పడిందని డాక్టర్ చెప్పాడు.

రోండా పనిలోంచి నేరుగా వచ్చింది. కాళ్లకు ఇంకా రబ్బరు బూట్లే ఉన్నాయి. "నొప్పని మీతో చెప్పలేదా నా పిల్ల?"

"చెప్పలేదు," అంది వెర్నా. అది నిజమే.

"ఫోన్లో నాతోనూ పట్టేసిందనే అంది. వేడినీళ్ల కాపడం పెట్టుకోమన్నాను," అని రోండా కుర్చీలో కూర్చుండిపోయింది.

కాలేజీ విచారణలో ఎవరి తప్పూ తేలలేదు. నొప్పి ఉన్నట్టు అమ్మాయి ఎవరికీ తెలియజేయలేదని రాశారు. నరం దెబ్బతిని మార్లీ రెండు వేళ్లు ముడుచుకోవడం మానేశాయి. అందులో ఒకటి చిటికెన వేలు. ఆటతో వచ్చిన ఉచిత చదువు ఆటతోనే పోయింది. ఇప్పుడు తల్లి పనిచేసే కబేళా గేటు దగ్గర లారీలను లోపలికి పంపుతోంది.

మరుసటి ఏడాది మొదటి రోజే వెర్నా నియమం ఎత్తేసింది. "నొప్పుంటే నొప్పనే చెప్పండి. ఎవర్నీ పరుగెత్తించను." పిల్లలు తలలూపారు. అదేదో కొత్త పరీక్ష అనుకున్నారు. ఒక్కరూ నొప్పి అనలేదు. అప్పుడు వెర్నా, పట్టేసింది అన్న ప్రతి పిల్ల చేతిలోంచీ బంతి తీసేసుకుంది. దాంతో వాళ్లు పట్టేసింది అనడం కూడా మానేశారు.

ఇక ఆమెకు ముఖాలు చూసి ఊహించడమే మిగిలింది. బాగా వేస్తున్న పిల్లను ఆట మధ్యలో దింపేసేది. ఆటలు ఓడిపోయాం. తండ్రులు గొడవపెట్టారు. ఒకరోజు హాస్ అందరి ముందే అడిగాడు.

"ఆ పిల్ల ఏమీ అనలేదు కదా వెర్నా, ఎందుకు దించావ్?"

"ఏమీ అనలేదనే."

ఆ సీజన్ అయ్యాక ఆమెను కొనసాగించలేదు. ఆఫీసు గదిలో వీడ్కోలు కేక్ కోశారు.

తర్వాతి వేసవిలో గోధుమ రైతు ఒకాయన తొమ్మిదేళ్ల కూతుర్ని వెర్నా ఇంటికి తీసుకొచ్చాడు. బకెట్ కూడా తెచ్చుకున్నాడు. "మిస్ వెర్నా, మీ చేతిలో పడితే చాలు. దీనికి అలుపన్నదే లేదు."

పిల్ల కొన్ని బంతులు వేసింది. చక్కగా వేసింది. వెర్నా దగ్గరికి పిలిచింది.

"బంతి వేసేటప్పుడు నీకెక్కడైనా నొప్పిగా ఉంటుందా తల్లీ?"

పిల్ల జవాబు చెప్పేముందు తండ్రి వైపు చూసింది.

వెర్నా పిల్ల చేతిలోంచి బంతి తీసుకుని ఆయన బకెట్‌లో వేసి, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.