నేలకు బిగించిన కుర్చీ

కండక్టరుగారికి మనిషి కూర్చుంటే నచ్చదు. అలాగని వచ్చినవాళ్లను నిలబెట్టి పంపే రకం కాదు. కుర్చీ వేస్తాడు, మంచినీళ్లిస్తాడు, పిల్లాజెల్లా ఎలా ఉన్నారని అడుగుతాడు. కూర్చున్నవాళ్లు కూర్చున్నచోటే ఉండిపోతే మాత్రం ఆయన ప్రాణం గిలగిల్లాడుతుంది. "జరగండి, జరగండి! అక్కడికి ఎండొచ్చేస్తోంది, ఇలా గాలిలోకి రండి!" అంటాడు. ఆయన బస్సు దిగి చాలా కాలమైంది. దిగుతూ దిగుతూ బస్సును కూడా ఇంటికి తెచ్చుకున్నాడని ఇంటావిడ అంటుంది.

వాళ్లది పడమటి వాకిలి ఇల్లు. పొద్దున చల్లగా ఉండే ముందుగది మధ్యాహ్నానికి కాలే పెనం. పొద్దున పెనంలా ఉండే వెనక వరండా మధ్యాహ్నానికి చల్లటి నీళ్ల కడవ. ఆయన లెక్క ఒక్కటే. ఇల్లు మనకోసం చల్లబడాలని కరెంటు తగలెయ్యడం దేనికి? చల్లగా ఉన్నచోటికి మనమే పోతే అరిగిపోతామా? పొద్దెక్కగానే పడమటి కిటికీలు మూస్తాడు. పొద్దు వాలగానే అన్నీ బార్లా తెరుస్తాడు. ఈ మధ్యలో వేలు తడిపి పైకెత్తి, గాలి ఎటునుంచి వస్తోందో చూస్తాడు. ఆ వేలు లేచిందంటే ఇంట్లో కుర్చీలూ మంచాలూ ప్రయాణానికి సిద్ధపడాల్సిందే.

ఒకసారి వియ్యంకుడు భోజనానికి వచ్చాడు. మొదటి ముద్ద ముందుగదిలో తిన్నాడు, కూర నడవలో కలుపుకున్నాడు, మజ్జిగ వెనక వరండాలో తాగాడు. చెయ్యి కడుక్కుంటూ, "చెల్లెమ్మగారూ, భోజనం బ్రహ్మాండం. ఇంతకీ నేను తిన్నది ఎన్నిళ్లలో?" అన్నాడు పాపం.

"మీది ఒక్కపూట ప్రయాణం అన్నయ్యగారూ, గండం గడిచింది. నాకు జీవితాంతం పాసుంది," అంది ఆవిడ.

ఇంకోసారి కరెంటు మీటరు చూసే మనిషి వచ్చాడు. మీటరును తట్టాడు, కొట్టాడు, చెవి ఆనించి విన్నాడు.

"ఏమ్మా, మీ మీటరు పాడైందా? వీధి మొత్తంలో ఇంత తక్కువ తిరిగింది ఇదొక్కటే!"

"అది తిరగదు బాబూ. ఈ ఇంట్లో తిరిగేది మేము."

అతను నమ్మలేదు. కాసేపు కూర్చుని చూస్తానన్నాడు. రెండుసార్లు జరిపించుకున్నాక నమ్మి, మూడోసారి జరిపేలోపు వెళ్లిపోయాడు.

ఆవిడకూ ఓ కోరిక ఉంది. వీధిలో అందరూ ఇస్త్రీ అత్త అంటారు ఆవిడను. సగం ఆయుష్షు బొగ్గుల పెట్టె ముందు నిలబడే గడిపింది. ఊళ్లోవాళ్ల చొక్కాలు నిటారుగా నిలబడేలా చేసి, తన నడుము వంచుకుంది. ఇక చాలని పెట్టె దించిన రోజున ఒక్కటే అనుకుంది: వీధి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, కదలకుండా మెదలకుండా లోకాన్ని చూడాలి. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, ఎవరు మానేశారు, బడి వదిలితే ఏ పిల్ల ఏడుస్తూ వస్తోంది, ఇవన్నీ తెలియకపోతే బతుకెందుకు? తీరా కథ రసకందాయంలో పడే వేళకు ఆయన వచ్చి కిటికీ మూసేస్తాడు. "జరగవే, జరగవే!" అంటూ కుర్చీతో సహా వరండాలోకి లాక్కుపోతాడు.

ఒక పొద్దున ఆయన బజారుకు వెళ్లడం చూసి, ఆవిడ వడ్రంగిని పిలిచింది.

"ఈ కుర్చీని ఇక్కడే నేలకు బిగించెయ్యి."

"కుర్చీనా అమ్మా? దొంగల భయమా?"

"దొంగ ఇంట్లోనే ఉన్నాడు. నాలుగు కాళ్లకీ గట్టిగా కొట్టు."

ఆయన మధ్యాహ్నం వచ్చి, అలవాటుగా కుర్చీని పట్టుకుని లాగాడు. కదల్లేదు. వంగి చూశాడు. ఇనపపట్టీలు, మరలు.

"ఇదేమిటే?"

"సీటు రిజర్వు చేయించుకున్నాను."

"ఎండొస్తుందే!"

"రానివ్వండి. కిటికీ మీద చెయ్యి వేశారో, దాన్నీ బిగించేస్తాను."

ఆయన పోట్లాడలేదు. బుర్ర గోక్కున్నాడు, వేలు తడిపి గాలి చూశాడు, చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. ఆవిడకు రాజ్యం గెలిచినట్టయింది. దర్జాగా కూర్చుంది. వీధిలో ఒక తగువు మొదటినుంచి చివరిదాకా చూసింది. ఆ తృప్తితోనే కునుకు పట్టింది.

మెలకువ వచ్చేసరికి ఒంటికి చెమట లేదు. ఈ వేళకు ఒళ్లోకి రావలసిన ఎండ కిటికీ అంచు మీదే ఆగిపోయింది. మబ్బు పట్టిందేమో అనుకుంది. వీధి చూస్తే నిప్పులు చెరుగుతోంది. తల వంచి కిటికీ పక్కకు చూసింది.

గోడవారన కండక్టరుగారు, నల్లటి పెద్ద గొడుగు ఎండకు అడ్డంగా పట్టుకుని నిలబడి ఉన్నారు. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. ఆవిడకు వీధి కనబడాలని గొడుగును వాలుగా పట్టారు. సూర్యుడు అంగుళం దిగితే ఆయనా అంగుళం జరుగుతున్నారు.

దారిన పోయే ఎదురింటావిడ ఆగింది. "ఏమిటి కండక్టరుగారూ, వానొస్తుందా?"

"ష్, మెల్లిగా! సీటు జరగనంటోంది. అందుకని ఎండనే కాస్త సర్దుకోమంటున్నా. బొగ్గుల దగ్గర కాగింది చాలదూ, మళ్లీ ఈ ఎండ కూడానా?"

ఆ మాట చెవిన పడి ఇస్త్రీ అత్త కుర్చీలోంచి దిగ్గున లేచింది. నోరు దాని పని అది చేసింది. "బుద్ధుందా మీకు? వడదెబ్బ తగిలితే మిమ్మల్ని ఎవరు జరుపుతారు? లోపలికి రండి ముందు!"

మర్నాడు వడ్రంగి మళ్లీ వచ్చాడు. కిటికీ బయట చెక్కపలకలతో వాలుగా ఒక చూరు కట్టాడు. ఎండ బయటే ఆగింది, వీధి లోపలికి వచ్చింది. కిటికీ మూసే పని లేదు, కుర్చీ జరిపే పని లేదు. ఆవిడ కోరిక తీరింది.

కాని కండక్టరుగారు చిక్కిపోయారు. వేలు తడుపుకోవడం, గాలి చూడడం, ఎవరినీ జరపకుండా చొక్కాకు తుడుచుకోవడం. ఖాళీ బస్సులో తిరిగే మనిషిలా గదిలోంచి గదిలోకి తిరుగుతున్నారు. ఆవిడ నాలుగు రోజులు ఓరకంట చూసింది. అయిదోరోజు ఆయన లేనప్పుడు వడ్రంగిని పిలిచి మరలు విప్పించింది.

"బిగించమన్నదీ మీరే, విప్పమన్నదీ మీరేనా అమ్మా?" అన్నాడు వాడు.

"నోరు మూసుకుని విప్పు."

మధ్యాహ్నం బడి వదిలారు. వీధి రసవత్తరంగా ఉంది. కిటికీలోంచి చల్లటి గాలి ఆవిడ చెంగు ఎగరేస్తోంది. ఆవిడ ఒక్క నిట్టూర్పు విడిచి, వీధివైపు వీపు తిప్పింది.

"ఏమండీ, ఇక్కడ కాస్త ఉక్కగా ఉన్నట్టుంది."

వరండాలోంచి పరుగెత్తుకొచ్చారాయన. ముఖం వెలిగిపోతోంది.

"నేను చెప్పలా! జరుగు, జరుగు! రైట్, రైట్!"